తాడు మీద చెయ్యి

రుషికొండ దగ్గర ఒక కంపెనీవాళ్ళు సాయంత్రం పూట కళాకారులతో ముచ్చట అని పెట్టి నన్ను పిలిచారు. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు, చేతికి మైకు. ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "మేడమ్, రాక్ స్టార్లు రాజకీయాల్లో, సేవా కార్యక్రమాల్లో తలదూర్చాలంటారా? పాట పాడుకుంటే సరిపోదా?" అని అడిగింది. మంచి ప్రశ్నే. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్ల మీద కాదు. ఆ ప్రశ్నకి రెండు ముక్కల్లో చెప్పే జవాబు నా దగ్గర లేనందుకు.

"తల దూర్చితే పగులుతుంది. అది తెలిసి దూర్చాలి" అన్నాను.

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. నేను జోకు వేయలేదు. నా నెత్తిన కుట్లు పడిన మచ్చ ఉంది. జుట్టు కింద ఉంటుంది కాబట్టి వాళ్ళకి కనపడలేదు. ఆ హాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

నేను డ్రమ్స్ వాయిస్తాను. మా నాన్న ఆనందపురం దగ్గర పొలం వదిలేసి వచ్చి ఉక్కు ఫ్యాక్టరీలో చేరాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఉక్కునగరం క్వార్టర్లో. నైట్ షిఫ్టు చేసొచ్చి నాన్న పగలు పడుకుంటే, చప్పుడు కాకుండా తలగడ మీద పుల్లలతో కొట్టి నేర్చుకున్నాను. కోపం వచ్చినా పుల్లలే, సంతోషం వచ్చినా పుల్లలే. "దీన్ని ఏ మొగుడూ ఏలడు, ఇదే మొగుణ్ణి వాయిత్తాది" అనేది మా అమ్మ. ఇంతవరకూ ఆ అవకాశం ఎవడూ ఇవ్వలేదు.

మా బ్యాండులో నలుగురం. పాడేవాడిది సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. కాలేజీలో కలిశాం. మా సెక్టారుకి తట్టలో చేపలు తెచ్చి అమ్మే ఆవిడే వాడి తల్లి అని తరవాత తెలిసింది. చిన్నప్పటినుంచీ నేను ఆవిడని పిన్నీ అనేదాన్ని, ఆవిడ నన్ను గుంటా, అంటే పిల్లా, అనేది. కత్తిపీట ముందు కూర్చుని చేప తల ఒక్క వేటుకి తెంపేది. బేరం ఆడితే మనిషి తల కూడా అలాగే తెంపుతుందేమో అనిపించేది.

రాక్ స్టార్ అంటే పెద్ద మాటే గానీ, వాడు బీచ్ రోడ్డులో టీ తాగడానికి ఆగితే ట్రాఫిక్ ఆగేది. దానికి కారణం ఒక్క పాట. ఒడ్డు నుంచి పెద్దవల లాగేటప్పుడు వాళ్ళ ఊళ్ళో వేసే కేకతో వాడా పాట కట్టాడు. పెద్దవల అంటే రెండు పొడుగాటి తాళ్ళు, ఒక్కో తాడుకి ఇరవై, ముప్పై మంది మనుషులు. ఒకడు కేక అందుకుంటాడు. ఊరి అమ్మవారి పేరుతో మొదలవుతుంది ఆ కేక. మిగిలినవాళ్ళు బదులు పలుకుతూ ఒక్కసారిగా లాగుతారు. దానికింద గిటారు పెట్టి, నా చేత ఉరుము లాంటి మోత పెట్టించి, వాడు గొంతు చించుకుని పాడేవాడు. హైదరాబాదులో, చెన్నైలో, ఢిల్లీలో పిల్లలు అర్థం తెలియకుండానే ఆ అమ్మవారి పేరు మాతో పాటు అరిచేవారు. వాడి ఊరివాళ్ళకి గర్వం. వాడికి ఇంకా గర్వం.

వాడి ఊరికీ, వాడి తల్లి పుట్టిన ఊరికీ మధ్య నడిచి పోగలిగినంత ఇసకే. ఆ ఇసక మీదే రక్తం పడింది. వాడి ఊరివాళ్ళు రింగు వలలు తెచ్చారు. చుట్టూ తిప్పి అడుగున బిగించేసే వల అది, గుంపులో ఒక్క చేప మిగలదు. మా నోటి దగ్గర కూడు లాగేస్తున్నారని తల్లి ఊరివాళ్ళు తిరగబడ్డారు. మాటలు తిట్లయ్యాయి, తిట్లు రాళ్ళయ్యాయి. ఒక మధ్యాహ్నం సముద్రం మీదే తెప్పల్ని తెప్పలతో గుద్దించుకున్నారు. ఒకడి చెవి తెగిపడింది. ఇంకొకణ్ణి నీళ్ళలోకి తోసి, తేలినప్పుడల్లా తెడ్డుతో నెత్తి మీద మోదారు. బతికాడు గానీ మాట పోయింది. ఆ వారంలోనే పిన్ని అన్నగారి తెప్పని ఒడ్డు మీదే పెట్రోలు పోసి కాల్చేశారు. కాల్చింది మా గాయకుడి ఊరివాళ్ళు. ఆ తెప్ప వాడి సొంత మేనమామది.

తరవాత రెండు ఊళ్ళ పెద్దలూ కట్టు వేశారు. ఇటువాళ్ళు అటు కాలు పెట్టకూడదు. పెడితే వెలి. నిప్పివ్వరు, నీళ్ళివ్వరు, చచ్చినా మోయరు. పిన్నికి భర్త ఎప్పుడో పోయాడు. ఉన్నది ఈ కొడుకూ, ఆ అన్నా. ఆ అన్నని చూడటానికి వీల్లేదన్నారు.

ఆ రోజుల్లో ఒకసారి మా క్వార్టర్ గుమ్మంలో తట్ట దించి ఆవిడ కత్తి తియ్యకుండా కూర్చుండిపోయింది. "మా అన్న తెప్ప కాలతంటే ఆ పొగ నా గుమ్మంలోకి ఒచ్చింది గుంటా. నానెల్లకూడదంట. పుట్టిన ఊరి నించి పొగ రావొచ్చంట, నానెల్లకూడదంట. సచ్చేలోపల ఒక్కసారి ఆ ఇసక తొక్కి, ఆడి మొకం సూస్తే సాలు నాకు" అంది. చేప తల తెంపే మనిషి ఏడవడం అప్పటిదాకా నేను చూడలేదు.

ఈ సంగతి ఆవిడ కొడుక్కి చెబితే వాడు ఎగిరి గంతేశాడు. దారి దొరికినవాడిలా.

"నాను తీసుకెల్తానమ్మా. దొంగతనంగా కాదు. అందరూ సూస్తండగా తీసుకెల్తాను" అన్నాడు తల్లితో.

"ఎలగరా?"

"పాటతో. మావ ఊరి ఇసక మీదే పాడతాం. రెండూళ్ళ జనం ఒత్తారు. ఒచ్చిన డబ్బులు కాలిపోయిన తెప్పలోళ్ళకి. ఆ తరవాత కట్టు అని ఎవడు మాటాడతాడో సూద్దాం."

అబద్ధం ఎందుకు, నా ఒళ్ళు పులకరించింది. పాటతో గొడవలు ఆగిపోతాయని నమ్మే వయసే మాది. మా నాన్నకి చెబితే మాత్రం పేపరు మీంచి తల కూడా ఎత్తలేదు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే?"

"వాళ్ళు కొట్టుకు చస్తుంటే చూస్తూ ఊరుకోవాలా?"

"మా ఫ్యాక్టరీ గేటుకాడ సమ్మె శిబిరానికి ఒక సినిమావోడు ఒచ్చినాడు. పిడికిలెత్తినాడు, ఫొటో దిగినాడు, ఎల్లిపోనాడు. ఆ మర్నాడు తోపులాటలో నా కాలిరిగింది. ఆడు ఫోను సేసినాడేటి?"

"అయితే రావొద్దంటావా?"

"రావొద్దన్లేదు. ఒచ్చినోడు ఉండాల. ఉండలేనోడు టీవీలో సూడాల." అని పేపరు తిప్పాడు. నాన్నవి ఎప్పుడూ ఇలాంటి మాటలే అని నేను పుల్లలు సంచిలో పడేసుకుని పోయాను.

రెండు ఊళ్ళ పెద్దల్నీ ఒప్పించడానికి మధ్యలో ఒక నాయకుడు వచ్చాడు. స్టేజీ ఆయనే వేయించాడు, జనరేటరు ఆయనే పెట్టించాడు. బదులుగా ఆయన పార్టీ కండువా మా వాడి మెడలో పడింది. ఆ ఒక్క రోజుకి కట్టు లేదని పెద్దలు ఒప్పుకున్నారు.

"ఆ కండువా తీసి అవతల పారెయ్" అన్నాను స్టేజీ వెనక.

"తీసీస్తే కరెంటు తీసీస్తాడు. పాటయ్యేదాకా ఉండనీ" అన్నాడు. వాడి తెలివికి నవ్వాలో తన్నాలో తెలియలేదు.

పిన్ని కొత్త చీర కట్టుకుని, అన్నకి ఇష్టమని నెత్తళ్ళ చేపల వేపుడు డబ్బాలో పెట్టుకుని మా వ్యానులో ముందు సీట్లో వచ్చింది. దిగగానే చెప్పులు విడిచేసి ఇసకలో పరుగు లాంటి నడక. అన్న ఎదురొచ్చాడు. ఆవిడకంటే పొట్టి, ఒంటి నిండా తాడు లాగిన కండ. "ఏటిలగ సిక్కిపోనావు, మా వదిన కూడెట్టట్లేదేటి?" అని ముందు తిట్టింది. ఆయన పెద్దగా నవ్వి డబ్బా అక్కడే తెరిచి, నిలబడే తినడం మొదలుపెట్టాడు. స్టేజీకి ఎదురుగా ఇద్దరూ ఇసకలో కూర్చున్నారు. ఆ సాయంత్రం అంతటితో ఆగిపోయి ఉంటే బాగుండేది.

జనం విరగబడి వచ్చారు. సిటీ పిల్లలు, ఆ ఊరివాళ్ళు, మా వాడి ఊరి కుర్రాళ్ళు రెండు ఆటోల నిండా. మొదటి పాటలు బ్రహ్మాండంగా జరిగాయి. రెండు ఊళ్ళ మగాళ్ళు పక్కపక్కనే నిలబడి ఈలలు వేశారు. వాడికి మత్తెక్కింది. ఆఖరికి, ఎప్పుడూ పాడినట్టే, ఆ పాట అందుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వల నీళ్ళలో ఉండి చెయ్యి తాడు మీద ఉన్నప్పుడే ఆ కేక వేస్తారు. ఎవరి ఇసక మీద వాళ్ళ అమ్మవారి పేరే వేస్తారు. పరాయి ఊరి ఇసక మీద నిలబడి మన అమ్మవారి పేరుతో కేక వేస్తే దానికి ఒకటే అర్థం. ఈ ఒడ్డు మాది, ఇక్కడ పడే వల మాది అని. దానికోసం తాతల నాడు పీకలు కోసుకున్నారట. ఇది ఆ ఒడ్డున పుట్టిన ఎవరికైనా తెలుసు. మా వాడికీ తెలిసే ఉండాలి. కానీ వాడు ఆ కేకని ఎప్పుడూ తాడు పట్టుకుని వేయలేదు, మైకు పట్టుకునే వేశాడు. వంద స్టేజీల మీద పాడి పాడి వాడికది పాటైపోయింది.

మైకులో వాడి ఊరి అమ్మవారి పేరు మోగింది. పిన్ని ఒక్క ఉదుటున లేచి నిలబడింది. రెండు చేతులూ ఊపుతూ నోరు తెరిచి ఏదో అంటోంది. నా డ్రమ్ముల మోతలో ఒక్క ముక్క వినపడలేదు. ఆవిడ కూడా మాతో పాటు పాడుతోందనుకున్నాను.

వాడి ఊరి కుర్రాళ్ళు గొంతులు కలిపారు. పూనకం వచ్చినట్టు ఊగుతూ, పక్కనే పోగు పెట్టి ఉన్న ఆ ఊరి పెద్దవల దగ్గరికి పోయి తాడు అందుకుని లాగడం మొదలుపెట్టారు. ఆటకే చేశారో, పొగరుకే చేశారో దేవుడికే తెలియాలి. వాళ్ళ చేతులు తాడు మీద పడగానే ఆ ఊరి మగాళ్ళ ఈలలు ఆగిపోయాయి. ఒక ముసలాయన వంగి తెడ్డు తీశాడు.

మొదటి దెబ్బ నేను చూశాను. తాడు పట్టుకున్న కుర్రాడి దవడ మీద పడింది, వాడి పళ్ళు ఇసకలోకి చిమ్మాయి. తరవాత ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియలేదు. తెడ్లు, రాళ్ళు, ఐసు పెట్టెల మూతలు, సీసాలు. సిటీ పిల్లలు ఫోన్లు పైకెత్తి కేకలు పెడుతూ పరుగులు తీశారు. నాయకుడి మనుషులు అందరికంటే ముందు ఆయన్ని కారెక్కించారు. జనరేటరు ఆగింది. మైకు పోయాక వినపడిందొక్కటే, ఎముక మీద కర్ర పడే చప్పుడు. దాని ముందు నా డ్రమ్స్ ఎందుకూ పనికిరావు.

స్టేజీ ఎక్కిన మొదటివాణ్ణి, ఇత్తడి పళ్ళెం లాంటి నా సింబల్ పెట్టే ఇనప స్టాండుతో తోసేశాను. రెండోవాడి భుజం మీద దాంతోనే కొట్టాను, ఇంకా కొట్టేదాన్ని, వెనకనుంచి రాయి వచ్చి నెత్తిన తగిలింది. వేడిగా ఏదో కళ్ళలోకి కారింది. ఒకడు నా డ్రమ్మును కాలితో తొక్కితే పాదం లోపలికి దిగిపోయి వాడు దాంతోనే కుంటుతూ తిరిగాడు. అంత నెత్తుట్లోనూ నాకు నవ్వొచ్చింది.

మా వాడు ఇంకా అక్కడే నిలబడి, చచ్చిన మైకు పట్టుకుని "ఆపండి, ఆపండి" అంటున్నాడు. నుదురు చిట్లింది. వాడి మీదికి ఒకడు తెడ్డు ఎత్తాడు. మేనమామ ఎక్కడినుంచి వచ్చాడో, స్టేజీ మీదికి దూకి మేనల్లుడి తల మీద తన చెయ్యి అడ్డం పెట్టాడు. తెడ్డు ఆయన ముంజేతి మీద పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు వినపడింది. కొట్టినవాడు ఆయన ఊరివాడే, రోజూ ఆయన పక్కనే తాడు లాగేవాడు. ఆయన మొహం చూసి వాడు తెడ్డు పారేసి నెత్తి కొట్టుకున్నాడు.

మేము మా వాణ్ణి జుట్టు పట్టుకుని వ్యానులోకి లాగాం. పిన్ని రాలేదు. అన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, కొత్త చీర కొంగు చింపి చుడుతోంది.

"అమ్మా, ఎక్కు!" అని వాడు లోపలినుంచి అరిచాడు.

ఆవిడ తలెత్తలేదు. "ఎల్లిపో" అంది. "నువ్వు ఎల్లిపోతావని నాకు తెల్సు. ఎల్లిపో."

వ్యాను కదిలింది. వాడు దిగుతానని తలుపు కొట్టాడు. మరీ గట్టిగా మాత్రం కొట్టలేదు.

ఆ రోజు నెత్తురు కారుతూ "ఆపండి" అంటున్న వాడి వీడియో దేశమంతా తిరిగింది. చచ్చిన మైకుతో వాడు అన్నది ఎవరికీ వినపడలేదు కాబట్టి, ఎవరికి నచ్చిన మాట వాళ్ళు కింద రాసుకున్నారు. శాంతి దూత అన్నారు. మత్స్యకారుల గొంతు అన్నారు. సముద్రాన్ని కాపాడాలని ఒకరు పిలిచారు, యువత మేలుకోవాలని ఒకరు పిలిచారు. అదే నాయకుడు మళ్ళీ వచ్చి, ఈసారి కండువాతో పాటు సీటు గురించి కూడా చూచాయగా మాట్లాడాడు. మా వాడు వెళ్ళిన ప్రతిచోటా "మా జనం, మా ఒడ్డు, మా బాధ" అనేవాడు. నుదుటి మీద కుట్లు కనపడేలా జుట్టు వెనక్కి దువ్వేవాడు.

ఇక్కడ సంగతి వేరు. పిన్ని ఆ రాత్రికి తిరిగి రాలేదని మా వాడి ఊరి పెద్దలు ఆవిడని వెలి వేశారు. ఇంటికి వాళ్ళే తాళం వేశారు. మా సెక్టారుకి చేపలు తేవడం కూడా మానేసింది.

గాజువాకలో ఒక షెడ్డులో ప్రాక్టీసు చేసేవాళ్ళం. ఒకరోజు వాడు కొత్త పాట తెచ్చాడు, పేరు ‘అమ్మ ఒడ్డు’. రెండు లైన్లు విన్నాను. లేచి వెళ్ళి చెంప మీద కొట్టాను. చేత్తో సరిపోలేదు, చేతిలో ఉన్న పుల్లతో కూడా కొట్టాను. మిగిలిన ఇద్దరూ నన్ను పట్టుకున్నారు.

"మీ అమ్మ ఎక్కడుందిరా?" అన్నాను. "ఏం తింటోంది? మీ మావ చెయ్యి అతుక్కుందా? పాట రాస్తావా దాని మీద?"

"ఎల్తే సంపీత్తారే" అన్నాడు. చెంప పట్టుకున్నాడు గానీ తిరిగి నన్ను ఒక్క మాట అనలేదు. అది చూసి ఇంకా ఒళ్ళు మండింది.

నాది ఆ ఊరూ కాదు, ఈ ఊరూ కాదు. పొలం చేసుకునేవాళ్ళ కులం మాది. కాబట్టి నేను వెళ్ళొచ్చు. మర్నాడు పొద్దున్నే స్కూటీ వేసుకుని వెళ్ళాను. నన్ను చూడగానే ఒక కుర్రాడు భుజం తడుముకున్నాడు. నా స్టాండు దెబ్బ తిన్నవాడన్నమాట. "మళ్ళీ ఒచ్చినావేటి, ఆ ఇనప ముక్క తెచ్చినావా?" అన్నాడు. "స్కూటీలో ఉంది, కావాలా?" అన్నాను. నవ్వి దారి చూపించాడు.

వల లాగుతున్నారు. తాడు పట్టుకున్న మగాళ్ళ మధ్యలో, చీర గోచీ బిగించి, మడమలు ఇసకలో తన్ని పెట్టి పిన్ని లాగుతోంది. అన్న పక్కన కూర్చుని చూస్తున్నాడు. చెయ్యి వంకరగా అతుక్కుంది, పిడికిలి పడదు. ఆ ఒడ్డున, తాడు మీద చెయ్యి వేసిన ఇంటికే పట్టిన చేపల్లో పాలు, అంటే వాటా, ఇస్తారు. ఆ ఇంట్లో వెయ్యడానికి ఇంకో మగ చెయ్యి లేదు. ఆడది తాడు పట్టడమేమిటని ముందు గొణిగారట. అన్న చేతిని తెడ్డుతో విరగ్గొట్టినవాడే తన ముందు చోటు ఆవిడకి ఇచ్చాడట.

వల ఒడ్డెక్కాక వచ్చి నా పక్కన కూలబడింది. అరచేతులు చూపించింది. తోలు ఊడి ఎర్రటి మాంసం కనపడుతోంది, ఉప్పునీళ్ళు తగిలి వాచిపోయాయి.

"ఆడు పాడతన్నాడా?" అంది.

"పాడుతున్నాడు. నీ మీద పాట కూడా కట్టాడు."

ఆవిడ ఉమ్మేసింది. "నాను పాట అడగలేదు. ఈ ఇసక తొక్కాలన్నాను, తొక్కతన్నాను. మా అన్న మొకం సూడాలన్నాను, సూస్తన్నాను. ఆడి ఇరిగిన సెయ్యి రోజూ సూస్తన్నాను. ఆడ్ని రమ్మను. పాడ్డానికి కాదు. తాడు లాగడానికి."

"కొడతారు పిన్నీ."

"కొడితే కొట్టించుకోమను. ఆళ్ళ మావ కొట్టించుకోలేదేటి? నాకు సెయ్యి కావాల గుంటా. పాట ఏటి సేసుకోను?"

అదే మాట తీసుకెళ్ళి వాడి ముందు పెట్టాను. వాడు గిటారు పెట్టెలో పెట్టేశాడు. మర్నాడు తెల్లవారుతుండగా మా క్వార్టర్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మెడలో కండువా లేదు, ఒంటి మీద పాత లుంగీ, బనీను. స్కూటీ మీద వెనక కూర్చున్నాడు.

వల అప్పటికే నీళ్ళలో ఉంది. వాడు తిన్నగా ఒడ్డు మీదికి నడిచాడు. తాడు చివరికి పోయి, ఆఖరి మనిషి వెనక నిలబడి రెండు చేతులూ వేశాడు. కేక వేస్తున్నవాడు ఆగిపోయాడు. పిన్ని ముందు వైపు, నీళ్ళ దగ్గర ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు.

ముందు ఒక ముసలమ్మ వచ్చి తట్టతో వాడి మొహం మీద కొట్టింది. తరవాత ఒడ్డు మీద ఖాళీగా ఉన్న మగాళ్ళు పరుగెత్తుకొచ్చారు. పిడికిళ్ళతో, మోచేతులతో, తడి తాడు మడతపెట్టి వీపు మీద. బనీను చిరిగింది. పెదవి పగిలింది. వాడు మోకాళ్ళ మీద పడి మళ్ళీ లేచాడు, తాడు వదల్లేదు. నేను ముందుకి ఉరికితే మేనమామ ఎడం చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ ఒక్క చేతిలో అంత బలం ఉంటుందనుకోలేదు.

"కదలకు" అన్నాడు. "ఆడి సెయ్యి ఎవడూ తియ్యడు. సూడు."

నిజమే. ఎన్ని దెబ్బలు వేసినా వాడి వేళ్ళ జోలికి ఒక్కడూ పోలేదు. తాడు మీద చెయ్యి వేసినవాణ్ణి కొట్టొచ్చు, తిట్టొచ్చు, ఉమ్మెయ్యొచ్చు. వల నీళ్ళలో ఉండగా ఆ చెయ్యి మాత్రం తీయించకూడదు. ఊరి అమ్మవారికి కోపం వస్తుందట. తాడు పట్టుకున్నవాళ్ళు కూడా వదిలి వెనక్కి రాకూడదు. కొడుకుని చావబాదుతున్న చప్పుడు వింటూ పిన్ని మడమలు ఇంకొంచెం లోతుగా దింపింది, అంతే. ఆవిడ వీపు కండలు బిగుసుకోవడం నాకు అంత దూరం నుంచీ కనపడింది. నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది.

కేక వేసేవాడు మళ్ళీ అందుకున్నాడు. తమ అమ్మవారి పేరు. మనుషులు బదులు పలికారు. వెనకనుంచి, దెబ్బల మధ్య, పగిలిన పెదవితో మా వాడు కూడా ఆ పేరే పలికాడు. వేలమంది ముందు పాడిన గొంతు కాదది, బొంగురుగా, పక్కవాడికి కూడా సరిగా వినపడనంత. మళ్ళీ కేక, మళ్ళీ బదులు. కొట్టేవాళ్ళు ఒక్కొక్కరే అలిసిపోయి పక్కకి తప్పుకున్నారు. కడపటివాడు, నా స్టాండు దెబ్బ తిన్న కుర్రాడు, వాడి వీపు మీద ఇంకొకటి వేసి, వాడి వెనకే నిలబడి తానూ తాడు పట్టుకున్నాడు.

వల ఒడ్డెక్కేసరికి ఎండ వచ్చింది. చేపలు పోగులు పోశారు. కేక వేసేవాడు ఒక్కో ఇంటివాళ్ళ ముందు ఒక్కో పాలు పెడుతూ వచ్చి, మేనమామ దగ్గర ఆగాడు. ఒక పాలు పెట్టాడు. మా వాడి వైపు చూడకుండానే దాని పక్కన ఇంకోటి పెట్టి ముందుకు పోయాడు. మేనమామ వంకర చేత్తో ఆ రెండు పోగుల్నీ ఒకటిగా కలిపాడు.

వాడు ఇసకలో కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ముక్కు నుంచి కారిన నెత్తురు గడ్డం మీద ఎండింది. అరచేతులు తెరిచి చూసుకుంటున్నాడు, తల్లివి ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అప్పుడు వచ్చింది పిన్ని. ఎదురుగా నిలబడి, ఆ మొహాన్ని నుదుటి కుట్ల మచ్చ దగ్గరినుంచి కింద పెదవి దాకా మెల్లగా చూసింది. దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. తట్ట వాడి ఒళ్ళో పడేసింది.

"ముందు సేపలు కడుగు. తరవాత మొకం కడుక్కో" అంది.

వాడు లేచి, తట్ట ఎత్తుకుని, కుంటుకుంటూ నీళ్ళలోకి దిగాడు.